సోమవారం అర్జీల రోజున బధిరుల కోసం ఏమి ఏర్పాటు చేయాలి? తెల్లబోర్డు సరిపోతుందా?

ప్రశ్న అడిగినవారు: డెల్టా గుమాస్తా

కృష్ణా డెల్టాలో ఒక తహసీల్దారు కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీలు తీసుకుని, కంప్యూటర్‌లో నమోదు చేసి, రసీదు ఇచ్చే బల్ల నాది. మాకు బాపట్ల దగ్గర. అక్కడి ప్రభుత్వ బధిరుల కళాశాలలో చదువుకుని చుట్టుపక్కల ఊళ్లలో స్థిరపడినవారు మా దగ్గరకు తరచుగా వస్తుంటారు. అసలు బడి ముఖమే చూడని బధిరులూ వస్తారు.

ఈ సీటులోకి వచ్చాక పాత దస్త్రాలు తిరగేస్తుంటే ఒక అర్జీ కంటపడింది. దర్జీ పని చేసుకునే ఒకామె, వినికిడి లేదు, మాట లేదు, అన్నగారితో కలిసి వచ్చారు. ఆమె స్వయంగా రాసి ఇచ్చిన చీటీ దస్త్రంలోనే ఉంది: "నాన్న ఇల్లు అన్న పేరు నేను వేలు లేదు పింఛను కూడా అన్న." దాని కింద అప్పటి ఉద్యోగి రాసుకున్న సారాంశం: "వేలిముద్ర పడనందున పింఛను అందడం లేదు." అన్నగారు కూడా అదే చెప్పారట. అర్జీ పింఛన్ల విభాగానికి వెళ్లింది. ముద్ర సరిగానే పడుతోందని వాళ్లు చూసుకుని, పరిష్కారమైనట్టు మూసేశారు.

మొన్న ఆమె మళ్లీ వచ్చారు. ఈసారి వెంట ఉన్నది బాపట్లలో తనతో చదివిన స్నేహితురాలి కూతురు. ఆ అమ్మాయి చేతులతో అడిగి మాకు నోటితో చెప్పింది. తండ్రి పోయాక ఇంటిని అన్న తన పేరుకు మార్చుకున్నాడు. ఆ కాగితం మీద ఈమె వేలిముద్ర వేయనే లేదు. నెలనెలా వచ్చే ఆరు వేల రూపాయల పింఛను కూడా అన్న చేతికే పోతోంది. అంటే మొదటిసారి, ఫిర్యాదు ఎవరి మీదో ఆయన్నే ఆమె నోరుగా కూర్చోబెట్టి అర్జీ రాసుకున్నారన్న మాట.

ఈ సంగతి చెప్పగానే మా తహసీల్దారు గారు, "తెల్లబోర్డు, మార్కర్లు తెప్పిద్దాం, ఇంకా ఏమి కావాలో కనుక్కుని నోట్ పెట్టండి" అన్నారు. అందుకే అడుగుతున్నాను. బోర్డు మీద రాసుకుంటే పని జరుగుతుందా? సైగల భాష తెలిసినవారు జిల్లాల్లో ఎక్కడ దొరుకుతారు? ఇది కార్యాలయం దయతలచి చేసే పనా, చట్టం ప్రకారం చేయవలసిన పనా? మేము నలుగురం ఉద్యోగులం కొంత నేర్చుకుంటే ఉపయోగం ఉంటుందా? ఈ పనిలో ఉన్నవారు, వినికిడి లేనివారు ఎవరైనా ఇక్కడ ఉంటే దయచేసి వివరంగా రాయండి.


జవాబు: గోదారి పంతులు

నేను లెక్కల ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. ఆ తరువాత క్రమంగా వినికిడి తగ్గి, ఇప్పుడు యంత్రం పెట్టుకున్నా గదిలో ఫ్యాను తిరుగుతుంటే మాట అందదు. నావంటి వారికి బోర్డు నిజంగా మేలు చేస్తుంది. తెలుగు చదవడం, రాయడం మాకు ఎప్పటినుంచో ఉన్నవే కదా.

బోర్డు కంటే మంచిది కూడా ఒకటి ఉంది. ఆండ్రాయిడ్ ఫోనులో గూగుల్ వారి లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే ఉచిత యాప్ తెలుగు మాటలను అప్పటికప్పుడు అక్షరాలుగా చూపిస్తుంది. ఫోనును మాట్లాడేవారి దగ్గర పెట్టాలి, ఒకరి తరువాత ఒకరు మాట్లాడాలి. ఊరి పేర్లు, సర్వే నంబర్లు తప్పుగా వస్తాయి కాబట్టి అంకెలు మాత్రం కాగితం మీద రాసి చూపించండి. గట్టిగా అరవకండి. అరిస్తే మాట వంకరపోతుంది, చుట్టూ ఉన్నవారందరికీ మన గోడు తెలిసిపోతుంది.

పేర్లు పిలిచే పద్ధతి ఉంటే మానేయండి. ఒక కార్యాలయంలో నా పేరు పిలిచారట, పిలిచారట, చివరికి నా తరువాత వచ్చినవారు పని చూసుకుని వెళ్లిపోయారు. అంకె కనపడే బోర్డు ఒకటి పెట్టించండి.


జవాబు: చేతిమాట

డెల్టా గుమాస్తా గారూ, బోర్డు కొనండి. కానీ నోట్‌లో దాన్ని "బధిరుల కోసం ఏర్పాటు" అని రాయకండి. పంతులు గారు చెప్పింది అక్షరాలా నిజం, అయితే అది తెలుగు వింటూ పెరిగి తరువాత వినికిడి పోయినవారి సంగతి. మీ దగ్గరకు వచ్చిన దర్జీ గారి సంగతి వేరు.

నేను సికింద్రాబాద్‌లో సంజ్ఞా భాష ఇంటర్‌ప్రెటర్‌ని. అమ్మా నాన్నా ఇద్దరూ పుట్టు బధిరులు. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేశారు. నాకు మాట కంటే ముందు సైగ వచ్చింది. తరువాత రెండేళ్ల డిప్లొమా చదివి, భారత పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో, పేరు నమోదు చేయించుకుని ఇదే వృత్తిగా ఉన్నాను.

ఆ చీటీని మీరు ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టినందుకు సంతోషం. నాకు అందులో గజిబిజి ఏమీ కనిపించలేదు. భారతీయ సంజ్ఞా భాషలో ఆమె చెప్పే తీరు ఇలా ఉంటుంది: ముందు తండ్రిని, ఇంటిని చూపిస్తారు. తరువాత గాలిలో కుడిపక్క ఒక చోటు చూపి "అన్న" అంటారు. ఇక ఆ సంభాషణ ముగిసేదాకా ఆ చోటు అన్నదే. ఇల్లు అనే సైగ ఆ చోటులోకి జరుగుతుంది, అంటే ఇల్లు అన్న పేరుకు మారింది. కాగితం మీద బొటనవేలు నొక్కే సైగను కూడా అటువైపే చేసి, వెంటనే తనను చూపుకుని, తల అడ్డంగా ఊపి, లేదు అంటారు. పింఛను డబ్బు తన ఒడిలో నుంచి ఆ చోటుకు కదులుతుంది. ఎవరు, ఎవరికి, ఎవరి దగ్గరనుంచి అన్నదంతా చేయి కదిలే దిక్కులో ఉంది. మనం తెలుగులో కి, కు, నుంచి, చేత అని పెట్టే ప్రత్యయాల పని అక్కడ చోటు చేస్తుంది. కాగితం మీదకు వచ్చేసరికి చోటు పోయింది, దిక్కు పోయింది, తల ఊపడం పోయింది. మిగిలిన ముక్కలకు మీ పాత ఉద్యోగి తనకు తెలిసిన కథ ఒకటి అతికించారు, పక్కన కూర్చున్న అన్నగారు తల ఊపారు.

చదువుకున్న బధిరులకు తెలుగు ఎందుకు రాదు అని చాలామంది అడుగుతారు. వారికి ఏ భాషలో చదువు చెప్పారో చూడాలి. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల ఉపాధ్యాయుల సమావేశం జరిగి, బడుల్లో సైగలు వద్దు, పెదవుల కదలిక చూసి మాట నేర్చుకోవాలి అని తీర్మానించింది. ఆ ప్రభావం మన దేశంలోనూ తరాల పాటు ఉంది. తరగతిలో చేతులు కదిపితే దెబ్బలు తిన్నారు మా అమ్మవాళ్లు. పెదవులు చూసి తెలుగు పట్టుకోవడం ఎంత కష్టమో అద్దం ముందు నిలబడి గొంతు ఎత్తకుండా "పడి, బడి, మడి" అని చూడండి. మూడూ ఒకేలా కనిపిస్తాయి. అలా సగం కనిపించీ కనిపించని భాషలో పదేళ్లు కూర్చోబెట్టి, ఆపైన అర్జీ తెలుగులో రాయమంటున్నాము. 2020 జాతీయ విద్యా విధానం భారతీయ సంజ్ఞా భాషను దేశమంతటా ప్రామాణీకరించాలని చెప్పింది, మంచిదే. దాని ఫలం అందుకునే పిల్లలు మీ బల్ల దగ్గరకు రావడానికి ఇంకా చాలా కాలం పడుతుంది. ఇప్పుడు వస్తున్నవారు పాత బడుల వాళ్లు.

ఇంట్లోవాళ్లను అనువాదానికి వాడుకోవడం గురించి మీరు రాసింది చాలా ముఖ్యం. అన్నగారి దుర్బుద్ధి ఒక్కటే కాదు, మంచి మనసు ఉన్నా అది తప్పే. నాకు పదేళ్లప్పుడు ఒక ఆస్పత్రిలో డాక్టరు గారు నా వైపు తిరిగి, "అమ్మకు గర్భసంచి తీసేయాలి, చెప్పు" అన్నారు. గర్భసంచి అంటే ఏమిటో నాకే తెలియదు. నేను అమ్మకు కడుపు కోస్తారని చెప్పాను. ఎందుకు, ఇంకో దారి ఉందా, తరువాత ఏమవుతుంది అని అమ్మ అడిగిన ప్రశ్నలను అడగడానికి నాకు మాటలు రాలేదు. సంతకం మాత్రం అయింది. మీ దగ్గరకు వచ్చిన ఆ స్నేహితురాలి కూతురు చాలా మేలు చేసింది. అయినా ఆ పిల్ల మీద ఆ బరువు పెట్టకూడదు. రేపు అన్నగారు ఆమె ఇంటి మీదకు వస్తే ఎవరు నిలబడతారు?

ఇక గదిలో ఏమి చేయాలో చెబుతాను. ఇంటర్‌ప్రెటర్ కుర్చీ అధికారి పక్కన, కాస్త వెనకగా వేయండి. అర్జీదారు వారికి ఎదురుగా కూర్చుంటే ఇద్దరి ముఖాలూ ఒకే చూపులో కనిపిస్తాయి. ఇంటర్‌ప్రెటర్ వెనక కిటికీ ఉండకూడదు, ఎదురు వెలుగులో ముఖం నల్లగా కనిపిస్తుంది. కనుబొమలు ఎత్తితే అది అవును, కాదు అని జవాబు చెప్పే ప్రశ్న. కనుబొమలు కనపడకపోతే ప్రశ్న మామూలు మాట అయిపోతుంది. అధికారి మాట్లాడేటప్పుడు అర్జీదారును చూసి "మీ ఇల్లు ఎక్కడ" అని అడగాలి. నా వైపు తిరిగి "ఇల్లు ఎక్కడో ఆమెను అడగండి" అంటారు చాలామంది, అప్పుడు ఎదురుగా ఉన్న మనిషి ఆ గదిలో లేనట్టే అవుతుంది. ఆమె "నాకు అన్యాయం జరిగింది" అంటే నేను కూడా "నాకు అన్యాయం జరిగింది" అనే చెబుతాను. అన్యాయం నాకు జరిగిందనుకుని కంగారుపడవద్దని మీవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. మనిషిని పిలవాలంటే భుజం మీద మెల్లగా తట్టవచ్చు, దూరంగా ఉంటే చేయి ఊపవచ్చు, లైటు ఒకసారి ఆర్పి వెలిగించవచ్చు. అరగంటకు ఒకసారి విరామం ఇవ్వండి, ఆ తరువాత చేతులు నడిచినా తల నడవదు.

పేర్ల గురించి ఒక మాట. బధిరులలో ఒక్కొక్కరికి ఒక సైగ పేరు ఉంటుంది, గడ్డం మీద మచ్చ ఉంటే అదే పేరు అవుతుంది. ఊళ్లకూ అంతే. మీ మండలంలోని ఊళ్లను అక్కడి బధిరులు ఏ సైగలతో చెప్పుకుంటారో హైదరాబాదు నుంచి వచ్చిన నాకు తెలియదు. రెవెన్యూ గ్రామాల జాబితా, అర్జీదారుల ఆధార్ పేర్లు కాగితం మీద నా ముందు ఉంటే సగం తడబాటు తప్పుతుంది.

మనుషుల కోసం మీ జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకులకు రాతపూర్వకంగా లేఖ పెట్టండి. ఆర్‌సీఐలో నమోదైన ఇంటర్‌ప్రెటర్ కావాలని స్పష్టంగా రాయండి. బాపట్లలోని అధ్యాపకులను, వినికిడి, మాట లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న ప్రాంతీయ కేంద్రాన్ని కూడా అడగండి. ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2023లో వాట్సాప్ వీడియో కాల్ ద్వారా అనువాద సేవను ప్రారంభించింది. అవతలి ఇంటర్‌ప్రెటర్‌కు తెలుగు రాకపోవచ్చు, మీలో ఒకరు హిందీలోనో ఇంగ్లీషులోనో అందుకోవాలి. మనిషి దొరకని రోజున ఖాళీ కుర్చీ కంటే అది ఎంతో నయం.

మీరు నేర్చుకోవడం గురించి అడిగారు. తప్పకుండా నేర్చుకోండి. ఆ ఢిల్లీ కేంద్రం సైగల నిఘంటువు 2018లో మూడు వేల పదాలతో మొదలై 2021 నాటికి పది వేలకు చేరింది, అన్నీ వీడియోలే, ఉచితం. నమస్కారం, కూర్చోండి, కొంచెం ఆగండి, ఏ ఊరు, ఏ పని మీద వచ్చారు, మళ్లీ సోమవారం రండి, ఈ కాగితం తీసుకురండి. ఇంత వస్తే గుమ్మంలో నిలబడిన మనిషి భయం పోతుంది. అర్జీ వినడానికి మాత్రం అది చాలదు. నాలుగు సైగలు వచ్చిన ఉద్యోగి ఉన్నారు కాబట్టి ఇంటర్‌ప్రెటర్ అక్కర్లేదు అనే మాట మీ నోట్‌లోకి రానివ్వకండి, నేను చూసిన చోట్ల ఏర్పాట్లు ఆగిపోయింది ఆ వాక్యం దగ్గరే.


జవాబు: అచ్చుపని

విజయవాడలో ఒక ప్రెస్సులో డీటీపీ చేస్తాను. పుట్టుకతో వినికిడి లేదు. తెలుగు ఎలా రాస్తున్నావు అని అడగబోయేవారికి ముందే చెబుతున్నాను: మా పెద్దక్క ఏళ్ల తరబడి రోజూ పత్రిక ముందేసుకుని ఒక్కొక్క వాక్యాన్ని సైగల్లో విప్పి చెప్పింది. అందరికీ అలాంటి అక్క ఉండదు.

చేతిమాట గారు రాసినదానికి ఒకటి చేర్చాలి. బడికి వెళ్లని బధిరులకు భారతీయ సంజ్ఞా భాష కూడా రాదు. ఇంట్లో పుట్టిన సైగలే వారి భాష. ఆ ఇంటి గుమ్మం దాటితే అర్థం చేసుకునేవారు ఉండరు. అటువంటి ఒక ముసలామె భూసేకరణ పరిహారం విచారణకు వచ్చారు. నగరం నుంచి వచ్చిన ఇంటర్‌ప్రెటర్ మంచి అనుభవం ఉన్న వ్యక్తి, అయినా ఆమె చేతులు ఆయనకు అందలేదు. నన్ను పిలిపించారు. ఇద్దరు ఎందుకు, ఒకరికే కదా అనుమతి అని అధికారి గారు మొదట అభ్యంతరం చెప్పారు. నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. ముక్కుపుడక తాకితే కోడలు అని, అరచేయి నొసటికి అడ్డం పెట్టి ఎండను కాచినట్టు చూస్తే పొలం అని మెల్లగా తెలిసింది. చిల్లర నాణేలు, పుల్లలు తెప్పించి గట్లు పేర్చాను. ఆమె రెండు పుల్లలు తీసి గట్టు మీద నిలబెట్టి, పైకెక్కి గీస్తున్నట్టు చేయి ఆడించారు. తాటిచెట్లు! నేను దాన్ని సంజ్ఞా భాషలో ఇంటర్‌ప్రెటర్‌కు చెప్పాను, ఆయన తెలుగులో అధికారికి చెప్పారు. అప్పటిదాకా దస్త్రంలో "పరిహారం తీసుకోవడానికి నిరాకరణ" అని ఉంది. ఆమె డబ్బు వద్దనలేదు. రెండు తాటిచెట్లు లెక్కలోకి రాలేదు, అవి కూడా రాయండి అని అడుగుతున్నారు. ఆ రోజే తిరిగి కొలతకు రాశారు.

ఇటువంటి చోట వినికిడి ఉన్న ఇంటర్‌ప్రెటర్‌తో పాటు ఒక బధిర మనిషి కూడా కావాలి. పుట్టినప్పటినుంచి ఎదుటివారికి అర్థమయ్యేలా ఏదో ఒకటి చేసి చెప్పడమే మా బతుకు కాబట్టి మాకు అది అలవాటు. మాకు కూడా వేతనం ఇవ్వాలి, సేవ అని పిలిచి పంపించకూడదు.

ఇంకొకటి, మీ నమోదు ఫారంలో ఫోను నంబరు గడి ఉంది. అర్జీ పెట్టాక అభిప్రాయం కోసం ఆ నంబరుకు ఫోను వస్తుంది. నేను ఎత్తి ఏమి చెప్పను? ఒకసారి నా అర్జీ "అర్జీదారు స్పందించలేదు" అని మూతపడింది. గడి పక్కనే "బధిరులు, సందేశం మాత్రమే పంపాలి" అని రాసే వీలు ఉండాలి. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన మన మిత్ర వాట్సాప్ సేవ మాలో చదువు వచ్చినవారికి నిజంగా హాయిగా ఉంది, ఎవరినీ బతిమాలకుండా ధ్రువపత్రాల పని జరుగుతోంది. చదువు రానివారికి అందులోనే సైగల వీడియోలు పెడితే ఎంత బాగుంటుందో.


జవాబు: గుంటూరు నల్లకోటు

దయా, చట్టమా అన్న ప్రశ్నకు నేను చెబుతాను. చట్టమే.

2016 వికలాంగుల హక్కుల చట్టం, అమలు తేదీ 2017 ఏప్రిల్ 19. అందులో సెక్షన్ 12 న్యాయం అందుకునే హక్కు గురించి. కోర్టులతో పాటు పాక్షిక న్యాయాధికారం ఉన్న సంస్థలు, విచారణ అధికారం ఉన్న సంస్థలు కూడా దాని కిందికి వస్తాయి. తహసీల్దారు గారు ముటేషన్, అంటే భూమి రికార్డులో పేరు మార్పు, వివాదం విన్నప్పుడు, ఆర్డీవో గారు అప్పీలు విన్నప్పుడు చేసేది అదే పని. వికలాంగులు తమకు అనువైన భాషలో, తమకు అనువైన పద్ధతిలో చెప్పింది నమోదు చేయడానికి కావలసిన సదుపాయాలు కల్పించాలని ఆ సెక్షనే అంటుంది. ఆ సదుపాయాలు ఇవ్వకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు వెళ్లవచ్చు, సాక్షులను పిలిపించడం వంటి వాటిలో ఆయనకు సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి.

బంధువులను దుబాసీలుగా పెట్టుకుంటే ఏమవుతుందో చూపించే తీర్పు ఒకటి ఉంది. 2012లో సుప్రీంకోర్టు, రాజస్థాన్ రాష్ట్రం, దర్శన్ సింగ్ మధ్య కేసు. అది హత్య కేసు. వినికిడి, మాట లేని సాక్షి సైగలతో చెప్పగా తండ్రి అనువదించారు. ఆమె చేత గానీ, తండ్రి చేత గానీ ప్రమాణం చేయించలేదు, ఆమె చేసిన సైగలేవో రాసుకోలేదు. ఆ సాక్ష్యం మీద ఆధారపడలేమని కోర్టు చెప్పింది. అనువాదకులు ఆ పరిసరాలు తెలిసినవారై ఉండాలి, కేసులో స్వప్రయోజనం లేనివారై ఉండాలి, ప్రమాణం చేయాలి అని స్పష్టం చేసింది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 125 కూడా మాట లేని సాక్షికి ఇంటర్‌ప్రెటర్ లేదా ప్రత్యేక ఉపాధ్యాయుల సహాయం తీసుకోవాలి, వీడియో తీయాలి అంటోంది. మీది కోర్టు కాదు, కానీ దర్జీ గారి విషయం రేపు సివిల్ కోర్టుకో పోలీసులకో వెళ్లకుండా ఉండదు. ఇప్పుడే వీడియో తీసి ఉంచితే ఆమెకు ఆధారం మిగులుతుంది.

2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే బధిర న్యాయవాది సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్ సహాయంతో వాదన వినిపించారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారు అనుమతించారు. ఆన్‌లైన్ విచారణ కాబట్టి తెర మీద ఒక గడి ఇంటర్‌ప్రెటర్‌కు దక్కింది. దేశంలో అన్నిటికంటే పెద్ద కోర్టులో జరిగిన పని మండల కార్యాలయంలో జరగదు అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.


డెల్టా గుమాస్తా

అందరికీ ధన్యవాదాలు. ఇవన్నీ రాసి తహసీల్దారు గారికి నోట్ పెట్టాను, సహాయ సంచాలకులకు లేఖ వెళ్లింది. ఫోను నంబరు గడి మార్చడం మా చేతిలో లేదు. ప్రస్తుతానికి అర్జీ వివరాల్లో మొదటి వాక్యంగానే "అర్జీదారు బధిరులు, ఫోను చేయరాదు, సందేశం పంపాలి" అని టైపు చేస్తున్నాను. దర్జీ గారి పాత అర్జీని తెరవడం కుదరదన్నారు, ఇంటి విషయం, పింఛను విషయం వేరువేరుగా రెండు కొత్త అర్జీలు నమోదు చేస్తున్నాము.

చేతిమాట గారూ, ప్రతి సోమవారం ఇంటర్‌ప్రెటర్‌ను రప్పించే డబ్బు ఒక్క మండలానికి ఉండదు. నెలకు ఒక సోమవారం పెట్టుకుంటే తప్పా? ఇంకో సందేహం, దర్జీ గారి విచారణ రోజున అన్నగారు కూడా వస్తారు. అప్పుడు ఎలా నడపాలి?


చేతిమాట

తప్పు కాదు. పక్కన ఉన్న నాలుగు మండలాలు కలిసి, ఒక్కొక్కరు ఒక్కో సోమవారం తీసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు, అర్జీదారుకు ఏదో ఒకచోట ప్రతి వారం మనిషి దొరుకుతారు. అయితే రెండు జాగ్రత్తలు. ఆ రోజు కాని రోజున వచ్చినవారిని వెనక్కి పంపకండి, వీడియో కాల్ పెట్టి కనీసం విషయం ఏమిటో తెలుసుకుని రసీదు ఇవ్వండి. ఏ సోమవారం ఎక్కడ అన్నది కార్యాలయం గోడ మీద తెలుగులో అంటిస్తే చాలదు. అచ్చుపని గారివంటి వారిని అడిగి నిమిషం నిడివి ఉన్న సైగల వీడియో చేయించండి. బధిరుల వాట్సాప్ బృందాల్లోకి వెళితే జిల్లా అంతా ఒక్క రోజులో తెలిసిపోతుంది, అక్కడ కబురు అంత త్వరగా పాకుతుంది.

దర్జీ గారి విచారణకు ముందు ఆమెతో విడిగా పదిహేను నిమిషాలు కూర్చునే అవకాశం ఇంటర్‌ప్రెటర్‌కు ఇవ్వండి. కేసు మాట్లాడటానికి కాదు, ఆమె సైగల తీరు పట్టుకోవడానికి. విచారణలో అన్నగారిని ఆమెకు ఎదురుగా కూర్చోబెట్టకండి. ఆయన కళ్లతో, గడ్డంతో చేసే చిన్న సైగ కూడా ఆమెకు అందుతుంది, మీకు మాత్రం కనపడదు. ఆయన కుర్చీ ఆమె వెనక వరుసలో వేయండి. ఆయన చెప్పే ప్రతి మాటనూ ఇంటర్‌ప్రెటర్ ఆమెకు చెప్పి తీరాలి, "అది మీకు అక్కర్లేదులే" అని ఎవరూ ఆపకూడదు. కెమెరా ఆమె చేతులూ ముఖమూ రెండూ పట్టేలా నడుము నుంచి తల పైదాకా పెట్టండి, ముఖం ఒక్కటే తీస్తే ఆ వీడియో పనికిరాదు. చివరగా రాసుకున్న వాంగ్మూలాన్ని ఆమెకు సైగల్లో చదివి వినిపించాకే వేలిముద్ర అడగండి.

తేదీ ఖాయమయ్యాక ఇక్కడే రాయండి. గుంటూరు వైపు పనిచేసే ఒక ఇంటర్‌ప్రెటర్ నాకు తెలుసు, బాపట్ల వాళ్ల సైగలు ఆమెకు బాగా పరిచయం. సహాయ సంచాలకుల నుంచి జవాబు రాకపోతే ఆమెను అడుగుతాను. ఇంటి దస్తావేజు నకలు, పింఛను పుస్తకం ముందురోజే ఇంటర్‌ప్రెటర్‌కు అందేలా చూడండి.